కత్తికి కట్టిన పసుపు తాడు

మొక్కల తోట గేటు దాటి నాలుగడుగులు వేసిందో లేదో, సీతాదేవి గుండె జల్లుమంది. రేకుల షెడ్డు ముందు టార్పాలిన్ మడత పెట్టి ఉంది. దాని పక్కన, ఎండలో, గడ్డి కోసే మిషను బయటికి లాగి ఉంది.

వానలు పట్టుకున్న దగ్గర్నుంచీ ఆ మిషను షెడ్డు మూల టార్పాలిన్ కింద నిద్రపోతోంది. సింగపూర్ ఉత్తరపు కొసన, ఈ క్రాంజీలో, సంవత్సరం చివర ముసురు పట్టిందంటే నేల ఆరదు. చక్రాలు దిగబడతాయి, తడి గడ్డి ముద్దలై కత్తికి చుట్టుకుంటుంది. అందుకని దసరా వెళ్ళగానే ఆమె మొగుడు గురునాథం దాన్ని కడిగి, తుడిచి, మూలన పెట్టేస్తాడు. ఆ వానలన్నాళ్ళూ భుజాన తగిలించుకునే చిన్న మిషనుతో అంచులు కొట్టుకుంటూ నెట్టుకొస్తాడు. మళ్ళీ నేల గట్టిపడ్డాకే దీన్ని లేపడం.

లేపే రోజు ముందుగా తెలుస్తుందని సీతాదేవి అనుకుంది. తెలియలేదు.

"ఇదేటి మావా, దీన్ని బయటికి తీసినావు?" అంది, గొంతు మామూలుగా ఉండేటట్టు చూసుకుంటూ.

గురునాథం పీట మీద కూర్చుని ఉన్నాడు. తల ఎత్తలేదు. "బుధవారం బడి పిల్లలు వస్తారట తోట చూడ్డానికి. ముసలాయన ఫోన్ చేసినాడు. గడ్డి మోకాలికొచ్చీసింది, పాములుంటే పిల్లలకి నేను జవాబు చెప్పాలా అని ఒకటే గోల."

ముసలాయనంటే తోట యజమాని, చీనా మనిషి. ఆదివారం రాడు. ఆయన రాని రోజున సీతాదేవి వస్తుంది. బుకిట్ బటోక్‌లో ఫ్లాటుకి తాళం వేసి, క్యారేజీ పట్టుకుని, రైలు దిగి, బస్సెక్కి వస్తుంది. మొగుడి చెమటా, మట్టీ చూస్తూ చెట్టు నీడన కూర్చుంటే ఆమెకి తన ఊళ్ళో ఉన్నట్టే ఉంటుంది. ఇన్నేళ్ళయినా ఆ ఫ్లాటు గోడల మధ్య ఆమెకి పొద్దు పోదు.

ఈ వేళ నీడన కూర్చోలేదు. క్యారేజీ చేత్తోనే పట్టుకుని, మిషను చుట్టూ ఒకసారి తిరిగింది. పైన ఇంజను. వెనక పొడుగాటి చేతికర్ర. దాని మీద గులాబీ రంగు ప్లాస్టిక్ తాడు ముడేసి, ఎప్పట్లాగే ఉంది. కింద ఇనప డొప్ప. ఆ డొప్ప లోపల, నేలకి జానెడు ఎత్తున, అడ్డంగా కత్తి.

కత్తి కనపడదు. కనపడకపోవడమే ఆమె భయం. ఎందుకంటే ఆ కత్తికి ఒక పసుపు తాడు కట్టి ఉంది. కట్టింది ఆమే.

*

కిందటేడు వానలకి ముందు ఒక సాయంత్రం గురునాథం కుడి కాలి బూటు ముందు భాగం లేకుండా ఇంటికొచ్చాడు. కాలవ గట్టు మీద గడ్డి కోస్తుంటే కాలు జారిందట. మిషను వెనక్కి ఒరిగి కాలి మీదికి ఎక్కిందట. బూటు ఒక సైజు పెద్దది కాబట్టి ముందున్న ఖాళీని కోసుకుపోయింది, వేళ్ళని కోయలేదు. అతను ఆ సంగతి ఎంత తేలిగ్గా చెప్పాడంటే, అన్నంలో పప్పు కలుపుకుంటూ చెప్పాడు. సీతాదేవి ఆ బూటు చేతిలోకి తీసుకుని కోసిన అంచు వేలితో తడిమింది. కొత్త బ్లేడుతో కోసినంత నున్నగా ఉంది.

ఆ రాత్రి మొదలు ఆమెకి నిద్ర సరిగా పట్టేది కాదు. మొదట మిషను చేతికర్రకి నిమ్మకాయా, మిరపకాయలూ దండ గుచ్చి కట్టింది. నిమ్మకాయ కుళ్ళి, చీమలు పట్టి, ముసలాయన చూసి మూతి తిప్పాడు. గురునాథం తల కొట్టేసినట్టయి ఇంటికొచ్చి, "ఇంకొకసారి నా పనిముట్ల మీద చెయ్యేసినావంటే తోటకి రానివ్వను" అన్నాడు. అతను ఎప్పుడూ కేకలెయ్యడు. కేకలెయ్యకుండా అన్న మాట కాబట్టే ఆమెకి గుచ్చుకుంది. తోటకి రానివ్వకపోతే అతన్ని కనిపెట్టి చూసేవాళ్ళెవరు?

దసరా నాడు పూజకి మాత్రం అతనే పిలిచాడు. కొడవళ్ళు, కత్తెరలు, పారలు, అన్నీ కడిగి వరసగా పెట్టాడు. మిషనుని పక్కకి వంచి, డొప్ప కింద ఎండి అట్టకట్టిన గడ్డిని గోకి, చేతులు కడుక్కోడానికి కుళాయి దగ్గరికెళ్ళాడు. అప్పుడు కనబడింది ఆమెకి కత్తి. మోచేతంత పొడుగు, రెండు కొసలూ వంపు తిరిగి, నూనె రాసి, నల్లగా.

ఆమె చిన్నప్పుడు వాళ్ళింట్లో పొగరుమోతు ఎద్దు ఒకటుండేది. మనిషిని చూస్తే కుమ్మేది. వాళ్ళమ్మ ఒకనాడు తొమ్మిది పోగుల నూలు పసుపులో తడిపి, పసుపు కొమ్ము గుచ్చి, అమ్మవారికి చెప్పుకుని, ఆ ఎద్దు రెండు కొమ్ములకీ కలిపి కట్టింది. "నా ఇంటి మగోణ్ణి ముట్టకు తల్లీ" అని. ఆ కట్టు ఎవరికీ చెప్పకూడదు. దానంతటది ఊడకూడదు, తెగకూడదు. తెగిందంటే ఎవరికోసం కట్టామో వాళ్ళకే కీడు. విప్పాలంటే కట్టిన చెయ్యే విప్పాలి.

ఆయుధ పూజ అంటే ఆయుధానికి కదా చెయ్యాలి. అందరూ పైన ఇంజనుకి బొట్టు పెడతారు. కోసేది ఇంజనా?

ఆమె కొంగులో ముడేసుకొచ్చిన పసుపు తాడు తీసి, కత్తి కొసకి మూడు చుట్లు చుట్టి, డొప్ప పక్కన గడ్డి బయటికి పడే సందు దగ్గరుండే ఇనప కమ్మీకి బిగించి కట్టేసింది. పొగరు ఎద్దుని గుంజకి కట్టినట్టు. "ఇక్కడే పడుండు తల్లీ" అంది. గురునాథం వచ్చి, మిషను నిలబెట్టి, టార్పాలిన్ కప్పాడు.

ఆ వానాకాలం అంతా సీతాదేవి హాయిగా నిద్రపోయింది.

*

ఇప్పుడు అతను పాత పెట్రోలు డబ్బాలోకి వంపుతున్నాడు. పసుపుపచ్చగా, పుల్లటి వాసనతో ఉంది.

"చూసినావా, ముగ్గిపోయింది. వానలకి ముందు ఖాళీ చెయ్యకుండా వొగ్గీసినాను. నా బుద్ధి గడ్డి తింది" అన్నాడు.

"ముందు రెండు ముద్దలు తినీ మావా. చల్లారిపోతాది."

"పది కాలేదు. అప్పుడే తిండేటి?"

"అయితే రేపు చెయ్యరాదేటి? ఈ వేళ వర్జ్యం ఉంది."

"వర్జ్యం మనూరి టైమా, సింగపూర్ టైమా?"

అతను చిన్నగా నవ్వుకుని, స్పానరు పెట్టి ప్లగ్గు విప్పాడు. దాని మూతి మసిబారి ఉంది. ఉప్పుకాగితంతో రుద్దాడు, నోటితో ఊదాడు, వెలుతురుకి ఎత్తి చూశాడు. తర్వాత కార్బరేటర్ కింద గిన్నె విప్పాడు. అడుగున ఆకుపచ్చ జిగురు పేరుకుని ఉంది. సన్నటి రాగి తీగతో దాని చిల్లు పొడిచాడు. తొందర లేదు. ప్రతి మరా విప్పిన వరసలో గుడ్డ మీద పెడుతున్నాడు. సీతాదేవి ఆ వరసని కళ్ళతోనే లెక్కపెట్టింది. ఒక్కొక్కటే తిరిగి దాని చోటికి వెళ్తుంది. చివరి మర బిగించాక అతను ఇంజను తాడు లాగుతాడు. కత్తి తిరుగుతుంది. పసుపు తాడు తెగుతుంది.

దూరంగా సైన్యం వాళ్ళ సాధన మైదానంలో ఫిరంగి దుబ్బున పేలింది. ఆమె ఉలిక్కిపడింది.

"ఏటే, కొత్తా?" అన్నాడు అతను.

"లేదు. ఊరికే."

ఎలా చెప్పడం? చెబితే కట్టు పోతుంది. చెప్పకపోతే తాడు పోతుంది. అతను ఒక్క నిమిషం అటెళ్తే చాలు, సందులోంచి చెయ్యి పెట్టి విప్పేస్తుంది. కాని గురునాథం పని మొదలెట్టాడంటే లేవడు. మంచినీళ్ళడిగినా కూర్చున్న చోటే చెయ్యి చాపుతాడు.

ఆమె క్యారేజీ బల్ల మీద పెట్టి, మామిడి చెట్టు వెనక్కి వెళ్ళి, కూతురికి ఫోన్ చేసింది. చాందిని ఆంగ్ మో కియో పేటలో స్నేహితురాలి ఇంట్లో ఉంది. వెనకాల టీవీ మోగుతోంది.

"ఏంటమ్మా?"

"చిన్నమ్మీ, ఒక మాట. నువ్వు ఒక చోట ఒకటి కట్టినావనుకో. అది విప్పాల. మీ నాన్న అక్కడే కూకున్నాడు. ఎలాగ?"

"ఏం కట్టావ్? ఎక్కడ?"

"అది చెప్పకూడదు."

"అమ్మా, జస్ట్ టెల్ హిమ్ లా! నాన్న ఏమన్నా తింటారా నిన్ను?" అంది, ఇక్కడి పిల్లల్లాగే మాట చివర 'లా' తగిలిస్తూ.

"చెప్పకూడదంటే చెప్పకూడదు."

"దెన్ డోంట్ టెల్. నాకెందుకు ఫోన్ చేశావ్? ఐ కాల్ యూ బ్యాక్, ఓకే?"

ఫోను పెట్టేసి వచ్చేసరికి గుడ్డ మీద మరలు లేవు.

కొత్త పెట్రోలు పోసేశాడు. ప్లగ్గు బిగించబోతూ ఆగి, సీసా మూతతో కొంచెం పెట్రోలు ఆ చిల్లులోనే వంపాడు. "ఇలా తాగించితే తొందరగా లెగుస్తాది" అన్నాడు తనలో తను. ప్లగ్గు బిగించి, దాని మీద నల్ల తీగ నొక్కాడు. చేతికర్ర మీద కడ్డీని కిందికి నొక్కి గులాబీ తాడు బిగించాడు. ఆ తాడు సంగతి ఆమెకి తెలుసు. చేతికర్రతో పాటు ఆ సన్న కడ్డీని కూడా కలిపి పట్టుకుంటేనే ఇంజను నడుస్తుందట. పట్టుకుని పట్టుకుని చేతులు తిమ్మిరెక్కుతాయని, మొక్కల కట్టలకి వాడే తాడుతో దాన్ని కట్టేస్తాడు. ముసలాయన వస్తుంటే విప్పేస్తాడు. అదేదో సౌకర్యం అనుకుంది ఆమె.

"మావా," అంది.

అతను ఒక కాలు డొప్ప మీద ఆనించి, ఇంజను తాడు పిడి పట్టుకుని లాగాడు.

సీతాదేవి కళ్ళు మూసుకుంది.

ఏమీ కాలేదు. తాడు బెత్తెడు వచ్చి ఆగిపోయింది. అతను మళ్ళీ లాగాడు. మళ్ళీ బెత్తెడే. ముఖం మారింది. రెండు చేతులతో పట్టుకుని వెనక్కి వాలి లాగాడు. మిషను మొత్తం కదిలింది గాని తాడు రాలేదు.

కట్టు పట్టుకుంది. వానల చెమ్మకి తడిసి, ఆరి, బిగుసుకుని, రాయిలాగా పట్టుకుంది.

ఆమెకి ఒక్క క్షణం సంతోషం వేసింది. మరుక్షణం అతని ముఖం చూసింది. గురునాథం మిషను పక్కన గొంతుక్కూర్చుని, ఇంజను మీద అరచెయ్యి వేసి, జ్వరం చూసినట్టు చూస్తున్నాడు.

"పిస్టను పట్టీసినట్టుంది," అన్నాడు. "తుప్పు తినీసుంటాది. నా చేతుల్తోనే చంపీసినాను దీన్ని."

"కాదులే మావా."

"నీకేటి తెలుసు?"

తర్వాత లేచి పంచె దులుపుకున్నాడు. "మోటారు గదిలో పల్చటి నూనె సీసా ఉండాల. తెచ్చి పోస్తాను. అప్పటికీ రాకపోతే బోర్లా తిప్పి చూస్తాను. ముట్టుకోకు దాన్ని."

మోటారు గది తోట అవతలి కొసన, చెరువు గట్టు మీద ఉంది. అతను పందిళ్ళ మధ్య నుంచి నడిచి వెళ్తుంటే, అతని వీపు ఆకుల వెనక కనుమరుగయ్యేదాకా సీతాదేవి ఊపిరి బిగబట్టి చూసింది.

*

కొంగు నడుముకి దోపి, మోకాళ్ళ మీద కూర్చుని, గడ్డి బయటికి పడే సందు మీది రేకు తలుపు ఎత్తింది. లోపల చీకటి. పెట్రోలు వాసన, ఎండు గడ్డి వాసన. కుడి చెయ్యి లోపలికి పెట్టింది. గాజులు డొప్పకి తగిలి గలగలమన్నాయి. ఎవరైనా విన్నారేమోనని వెనక్కి చూసింది. ఎవరూ లేరు. కాలవ గట్టు మీద ఉడుము ఒకటి తల ఎత్తి, నాలుక జాపి, ఆమెనే చూస్తోంది.

వేళ్ళకి కత్తి తగిలింది. చల్లగా ఉంది. ఒళ్ళు గగుర్పొడిచింది. దాని అంచు వెంబడి మెల్లగా జరిపి, తాడు పట్టుకుంది. అదే. పసుపు కొమ్ము కూడా అలాగే ఉంది. అమ్మయ్య అనుకుంది. తెగలేదు. తన చేత్తోనే విప్పితే అంతా సవ్యంగా అయిపోతుంది.

కమ్మీ దగ్గర ముడి వెంటనే రాలేదు. గోరు విరిగింది. చెమట కళ్ళలోకి కారింది. ముడి మీద ఉమ్మి తడి చేసి మళ్ళీ పీకింది. ఒక పోగు కదిలింది. తర్వాత ఇంకొకటి. ముడి వదులయింది. విప్పిన తాడు నేల మీద పడకూడదని, ఆ కొసని వేళ్ళకి చుట్టుకుంటూ వచ్చింది. ఒక చుట్టు, ఇంకొక చుట్టు. కత్తి కొసకి ఉన్న మూడు చుట్లలో రెండు వచ్చేశాయి. చివరి చుట్టు కత్తికీ డొప్ప అంచుకీ మధ్య ఇరుక్కుంది.

పందిళ్ళ అవతల మోటారు గది తలుపు మూసిన చప్పుడయింది.

వస్తున్నాడు. కత్తి కొంచెం అటు జరిగితే చుట్టు వచ్చేస్తుంది. ఎడమ చెయ్యి కూడా లోపలికి పెట్టి, అరచేత్తో కత్తి వీపు పట్టుకుని తోసింది. కదల్లేదు. బలంగా తోసింది. లోపల ఏదో మూలిగినట్టు, ఎవరో ఊపిరి బిగబట్టినట్టు, బరువుగా కదిలింది. ఇంకా తోసింది. ఆ బరువు ఒక్కసారిగా పోయింది.

ఫట్.

కత్తి ఆమె చేతిలోంచి జారిపోయింది. ఎడమ చెయ్యి దానంతటదే బయటికి వచ్చేసింది. కుడి చెయ్యి రాలేదు. వేళ్ళకి చుట్టుకున్న తాడు లోపలికి లాక్కుంది. మనిషి పట్టుకుని లాగినట్టు లాగింది. మణికట్టు ఇనప అంచుకి కొట్టుకుంది. గాజులు పుటుక్కుమన్నాయి. ఆమె భుజం డొప్పకి తగిలింది, చెంప ఇంజనుకి ఆనింది. అరుద్దామంటే నోరు రాలేదు. వేళ్ళు ఊడిపోతున్నట్టు నొప్పి.

అప్పుడు తాడు తెగింది.

ఆమె వెనక్కి వెల్లకిలా పడింది. మిషను లేచింది. ఎవరూ తాడు లాగకుండా, ఎవరూ పట్టుకోకుండా, నల్లటి పొగ కక్కి, దగ్గి, గర్జించి లేచింది. డొప్ప సందులోంచి పసుపు పీచు, గాజు ముక్కలు, మట్టి, ఎండు గడ్డి, ఆమె కాళ్ళ మీదికి చిమ్మింది. అదురుకుంటూ అంగుళం అంగుళం ముందుకి జరుగుతోంది, ఆమె వైపే. సీతాదేవి మోచేతుల మీద వెనక్కి జరిగింది. అది ఆగదు. దాన్ని ఎవరూ ఆపరు. తను కట్టిన కట్టు తెంపుకుని లేచింది.

"సీతా!"

గురునాథం నూనె సీసా పారేసి పరిగెత్తుకొచ్చాడు. చేతికర్ర పట్టుకున్నాడు. గులాబీ తాడు ముడి లాగాడు. అది ఊడిరాలేదు. రెండోసారి లాగాడు. మొలలోంచి, మొక్కలకి అంట్లు కట్టే చిన్న కత్తి తీసి, తాడు మీద వేసి కోశాడు.

కడ్డీ టప్పున పైకి లేచింది. ఇంజను అక్కడికక్కడే ఆగిపోయింది.

ఆ నిశ్శబ్దంలో మైనాలు అరవడం వినిపించింది.

*

"చెయ్యి చూపించు" అన్నాడు అతను.

ఆమె కుడి పిడికిలి పొట్టకి అదుముకుని, చీర కుచ్చిళ్ళలో దాచుకుంది. తల అడ్డంగా ఊపింది.

"చూపించవే."

"వద్దు మావా."

"సీతా. నా తల్లి కదూ. చూపించు."

పిడికిలి విప్పడం కంటే ముందు ఆమె కళ్ళు మూసుకుంది. అతని చేతులు తన చేతిని పట్టుకోవడం తెలిసింది. ఒక్కొక్క వేలూ విప్పుతున్నాడు. చిటికెన వేలు నుంచి మొదలెట్టి, ప్రతి దాన్నీ కొసదాకా నిమురుతున్నాడు. బొటన వేలు దగ్గరికొచ్చాక అతని ఊపిరి గట్టిగా బయటికి వచ్చింది.

"ఉన్నాయి" అన్నాడు.

మణికట్టు చుట్టూ గాజు గీతలు. రక్తం కారుతోంది. చూపుడు వేలికీ మధ్య వేలికీ తాడు కోసిన ఎర్రటి వాతలు, అప్పుడే వాచిపోతున్నాయి. అరచేతిలో తెగిన పసుపు తాడు ముక్క, చెమటకి తడిసి, చేతికి రంగంటుకుంది.

గురునాథం దాన్ని తీసి చూశాడు. మిషను వైపు చూశాడు. ముందు ప్లగ్గు మీది నల్ల తీగ పీకేశాడు. అప్పుడు దాన్ని పక్కకి వంచి, కత్తి చూశాడు. కత్తి మధ్యలో చుట్టుకుపోయి ఇంకో ముక్క. నలిగిన పసుపు కొమ్ము. కమ్మీ మీద పసుపు మరక.

"ఇదా పిస్టను పట్టీసింది!" అన్నాడు.

ఆమె ఏడవడం మొదలెట్టింది. ఎద్దు సంగతి, బూటు సంగతి, దసరా సంగతి, అన్నీ కలగాపులగంగా చెప్పింది. చెప్పకూడదన్నవన్నీ చెప్పేసింది. "తెగిపోనాది మావా. నా చేత్తో విప్పుదామనుకున్నాను. తెగిపోనాది. నీకేటవుద్దో ఏటో."

అతను జేబురుమాలు తడిపి ఆమె మణికట్టు తుడుస్తున్నాడు.

"తెగకపోతే?" అన్నాడు చివరికి.

ఆమె ఏడుపు ఆపి చూసింది.

"గట్టి తాడయ్యుంటే ఏటయ్యేది? చెయ్యి లోపలికెళ్ళిపోయేది కదేటే." మొహం తిప్పుకున్నాడు. కొంతసేపటికి, ముక్కు తుడుచుకుని, "పసుపు తాడు, పసుపు కొమ్ము, మూడు చుట్లు. నువ్వు దీనికి తాళి కట్టీసినావే. ఇప్పుడు నాకిది వరసకి ఏటవుద్ది, సవతా?" అన్నాడు.

ఆమెకి నవ్వు రాలేదు. రాలేదనుకుంది. ముక్కులోంచి ఏదో చప్పుడు వచ్చింది. అది నవ్వో ఏడుపో ఆమెకే తెలియదు.

రుమాలు మడత మార్చి కట్టు కడుతుంటే, ఆమె చూపు చేతికర్ర మీద పడింది. కోసిన గులాబీ తాడు కొసలు రెండూ వేలాడుతున్నాయి. కడ్డీ పైకి లేచి ఉంది.

"అది కోస్తేనే ఆగింది కదా" అంది.

అతను రుమాలు ఇంకో చుట్టు తిప్పాడు.

"అది కట్టకుండా ఉండుంటే అసలు లెగిసేది కాదా?"

"లెగవదు. కత్తి తోసినా తాడు లాగినట్టే గాని, కడ్డీ లేచి ఉంటే నిప్పు రాదు."

"పట్టుకుంటేనే నడుస్తాది. వొగ్గేస్తే ఆగిపోతాది. అందుకు పెట్టినారా ఆ కడ్డీ?"

"ఊఁ."

"మరి గట్టు మీద కాలు జారినప్పుడు?" సీతాదేవి లేచి కూర్చుంది. "చేతులొదిలీసినావు కదా అప్పుడు. వొదిలీస్తే ఆగాల కదా. నీ కాలి మీదికెలా వచ్చింది?"

గురునాథం కట్టు ముడి వేస్తున్నాడు. వేసిన ముడినే మళ్ళీ సవరిస్తున్నాడు.

"అప్పుడూ కట్టే ఉందా?"

"చేతులు తిమ్మిరెక్కుతాయే," అన్నాడు మెల్లగా.

ఇన్నాళ్ళూ ఎక్కడో కనపడని చోట, డొప్ప కింద చీకట్లో ఉందనుకున్న భయం, ఎదురుగా, పగటి వెలుతుర్లో, గులాబీ రంగులో వేలాడుతోంది. ప్రతి ఆదివారం ఆమె దాని పక్కనే కూర్చుని అన్నం వడ్డించింది.

కోపం వస్తుందనుకుంది. రాలేదు.

ఎడమ చేత్తో ఆ రెండు కొసలూ పీకింది. చెట్టు కింద మొక్కల కట్టల తాడు ఉండ ఒకటుంటే, దాన్ని కూడా తీసి క్యారేజీ సంచిలో పడేసి, సంచి ఒళ్ళో పెట్టుకుంది.

"అది మొక్కలకి కావాలే" అన్నాడు.

"మొక్కల్ని అరిటినారతో కట్టుకో."

*

మబ్బు పడుతోంది. వాన వచ్చేలోపు ముందు భాగమైనా కోయకపోతే బుధవారానికి కాదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. గురునాథం కత్తికి చుట్టుకున్న పసుపు ముక్క తీసి ఆమె చేతిలో పెట్టాడు. గాజు ముక్కలు ఏరి డబ్బాలో వేశాడు. మిషను నిలబెట్టి, నల్ల తీగ ప్లగ్గు మీద నొక్కాడు. చేతికర్ర దగ్గరికెళ్ళి నిలబడ్డాడు గాని, తాడు లాగలేదు. ఆమె వైపు చూశాడు.

ఆమె వద్దనలేదు. వద్దంటే ఇవాళ ఆగుతాడు, రేపు ఆమె లేనప్పుడు లాగుతాడు.

"ఒకసారి లెగిపి వొగ్గీ," అంది. "నేను చూడాల."

అతను కడ్డీని కర్రతో కలిపి ఎడమ చేత్తో పట్టుకుని, కుడి చేత్తో లాగాడు. మొదటి లాగుకే లేచింది. ఆమె భుజాలు చెవుల దాకా ముడుచుకుపోయాయి. అతను రెండు చేతులూ ఎత్తేశాడు. ఆగిపోయింది.

"ఇంకోపాలి."

మళ్ళీ లేపాడు, మళ్ళీ వదిలాడు. ఆగింది.

"ఇంకోపాలి."

"వాన వచ్చీస్తాదే."

"రానీ."

మూడోసారి కూడా ఆగాక ఆమె తల ఊపింది. అతను గడ్డిలోకి దిగాడు. మోకాలెత్తు గడ్డి మిషను ముందు వంగి, మాయమై, పక్కనుంచి తరుగై పడుతోంది. ఒక వరస పూర్తవగానే చేతులు వదిలేసి, వేళ్ళు మూసి తెరిచి, అరచేతులు తొడలకి రుద్దుకునేవాడు. ఇంజను ఆగేది. మళ్ళీ లాగేవాడు. ముందయితే ఒక్క లాగుతో గంటలు కోసే మనిషి ఇప్పుడు ప్రతి వరసకీ తాడు లాగుతున్నాడు.

సీతాదేవి చెట్టు కింద కూర్చుంది. పసుపు తాడు రెండు ముక్కలూ ఒళ్ళో ఉన్నాయి. తెగిన కొసలు తెగినట్టే ఉన్నాయి. వాటిని కలిపి ముడెయ్యాలో, కాలవలో కలపాలో ఆమెకి తెలియలేదు. అడగడానికి వాళ్ళమ్మ లేదు. ఎడమ చేతికి గాజులున్నాయి, కుడి చెయ్యి బోసిగా ఉంది. ఫోను మోగింది. చాందిని. ఎత్తలేదు.

అతను కాలవ గట్టు దగ్గరికి చేరాడు. కిందటేడు జారిన చోటు అదే. అక్కడ గడ్డి ఇంకా గుబురుగా ఉంది. మిషను ముందు, అతను వెనక, గట్టు వాలు మీదికి దిగి, ఆకుల వెనక్కి వెళ్ళిపోయారు. ఇంజను చప్పుడు మాత్రం వస్తోంది.

ఆమె లేచి నిలబడింది. చెవులు ఆ చప్పుడు మీదే పెట్టింది. అంతసేపూ ఆ చప్పుడంటేనే ఆమెకి భయం. ఇప్పుడు అది వినపడుతున్నంతసేపూ అతని చేతులు చేతికర్ర మీద ఉన్నట్టు లెక్క.

చప్పుడు ఆగిపోయింది.

ఆమె కదల్లేదు. ఊపిరి తీయలేదు. వరస అయిపోయి వదిలాడా, కాలు జారి వదిలాడా?

ఒక చినుకు చెయ్యి కట్టు మీద పడింది. ఇంకొకటి పడింది.

గట్టు అవతల తాడు లాగిన చప్పుడు వినిపించింది. ఇంజను లేచింది. సీతాదేవి ఊపిరి వదిలి, కూర్చోకుండా, మళ్ళీ ఆగేదాకా వింటూ అక్కడే నిలబడింది.